ఇసుక కింద హగరి

*సముద్రం లేని తీరంలో ఎండాకాలం*

"తీరప్రాంతం వాళ్ళ వేసవి మీద ముఖచిత్ర కథనం కావాలి. గురువారం కల్లా అందాలి" అన్నారు సంపాదకులు. సూర్యలంక, మైపాడు, ఉప్పాడ అంటూ ఆయన పేర్లు చెప్పుకుపోతుంటే నా కళ్ళ ముందు బొమ్మనహాళ్ పక్క హగరి ఏటి ఇసుక మెదిలింది. మా అవ్వగారి ఊరు ఆ పక్కనే. సముద్రం మొహం చూడని తీరం ఒకటుంది సార్, అక్కడికి పోతానన్నాను. సరే పొమ్మన్నారు.

మే నెలలో హగరి ఇసుక తెల్లవారి అయిదున్నరకు మంచినీళ్ళ కుండలా చల్లగా ఉంటుంది. ఎనిమిది దాటితే కాలు మోపలేం. మళ్ళీ పొద్దు వాలేదాకా ఏటి వైపు ఎవరూ రారు. ఆ పొద్దున రెండున్నర గంటలు, సాయంత్రం మూడు గంటలు కలిపితే ఇక్కడి వేసవి. నేను చేరేసరికే ఏట్లో నలభై యాభై గొర్రెలు, వాటి వెనక ఒక పెద్దాయన, ఆయన మనవడు ఉన్నారు. గొర్రెల్ని కన్నడంలో అదిలిస్తున్నాడు, మనవణ్ణి తెలుగులో తిడుతున్నాడు. ఈ గట్టున రెండు భాషలూ ఒకే నోట్లో ఉంటాయి.

"ఏమప్పా, నీళ్ళు తాగుతావా?" అన్నాడు.

ఎక్కడా చుక్క నీరు కనబడలేదు. ఆయన చెప్పులు విడిచి అయిదారు చోట్ల అరికాలు ఆనించి చూశాడు. కాలికి ఎక్కడ చల్లగా తగిలిందో అక్కడ ఆగాడు. పక్కనే జానెడు తుంగ పచ్చగా ఉంది. మనవడు కూర్చుని కొబ్బరి చిప్పతో తోడడం మొదలుపెట్టాడు. పైనున్న పొడి ఇసుక తోడేకొద్దీ జారి గుంటలోకే వస్తుంది. అందుకని నిలువుగా తవ్వకూడదు, పళ్ళెంలా వెడల్పు చేసుకుంటూ దిగాలి. మోకాలి లోతు దాటాక ఇసుక రంగు మారింది, ముద్దకట్టింది. ఇంకాస్త లోతుకు పోయేసరికి గుంట అడుగు మెరిసింది. అరచేతి మందాన నీళ్ళు, బెల్లప్పానకం రంగులో.

ఆ మొదటి నీళ్ళు తాగరు. చిప్పతో పారబోశాడు. మళ్ళీ ఊరాయి, మళ్ళీ పారబోశాడు. మూడోసారి గుంట అంచులకు తడి ఇసుక మెత్తి, అరచేత్తో అదిమి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సెలవుల్లో ఒక్కచోట నిలవని వయసు వాడిది. అయినా ఉలుకూ పలుకూ లేకుండా చూస్తున్నాడు. నాలుగు వైపుల నుంచి సన్నటి పాయలు దిగి, ఒక్కో ఇసుక రేణువును కదిలిస్తూ వచ్చి కలిశాయి. కాసేపటికి అడుగునున్న గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేట. "ఇప్పుడు తాగన్నా" అన్నాడు. తాగాను. కొంచెం రాతి రుచి, పళ్ళు జిల్లుమనే చల్లదనం. దీన్ని చెలమ అంటారు. మా అవ్వ వయసులో ఉన్నప్పుడు ఊరి ఆడవాళ్ళ వేసవి అంతా ఈ గుంటల చుట్టూనే గడిచేది. బిందె మూతికి పాత చీరముక్క కట్టి, చిప్పతో నీళ్ళు వంచుకుంటూ, ఇంటింటి కబుర్లు అక్కడే పంచుకునేవాళ్ళు. ఇప్పుడు ఊళ్ళో ఫిల్టరు నీళ్ళ క్యాన్లు వచ్చాయి. చెలమ గొర్రెల కాపరులది, పిల్లలది అయింది.

నది ఎండిపోయిందని అందరూ అంటారు. నేనూ ఇదివరకు వ్యాసాల్లో రాశాను. ఆ మాట తప్పని ఆ చెలమ పక్కన కూర్చున్నాక తెలిసింది. ఏరు అడుగుకు దిగింది, అంతే. మూడడుగుల లోతు దాటాక ఇసుకలోని నీటిని ఎండ దాదాపు తాకలేదు. పొడి ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి. తడి వాటిని పట్టుకుని పైకి పాకలేదు. చెరువులో ఆవిరైపోయే నీళ్ళు ఇక్కడ భద్రంగా ఉంటాయి. పై ఇసుక నీళ్ళకు మూత. ఆ మూతనే ట్రాక్టర్లకెత్తి తోలుకుపోతున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల రక్షణకని 2002లో వాల్టా చట్టం తెచ్చుకున్నాం. అయినా ఏట్లో గోతులు కనబడుతూనే ఉన్నాయి. వేసవిలో తవ్విన గొయ్యి వానాకాలం నీళ్ళ కింద కనబడదు, ఈతకు దిగిన పిల్లల పాలిట అదే మృత్యువవుతుంది. వేసవి సరదాల గురించి రాస్తూ ఈ ముక్క రాయకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను.

పేజీలు తక్కువ కాబట్టి చరిత్ర నాలుగు ముక్కల్లో. బాబా బుడన్ గిరి కొండల్లో పుట్టిన వేద, అవతి కలిస్తే వేదవతి, దాని ఇంకో పేరే హగరి. హిరియూరు దగ్గర 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం, గుమ్మఘట్ట మండలంలో 1961 నాటి భైరవానితిప్ప ప్రాజెక్టు దాన్ని ఆపుతాయి. అవి దాటిన నీళ్ళు కణేకల్లు, బొమ్మనహాళ్ మీదుగా బళ్ళారి జిల్లాలోకి పోయి, సిరుగుప్ప ప్రాంతంలో తుంగభద్రలో కలుస్తాయి. వాణీవిలాసం 1933లో పొర్లాక మళ్ళీ 2022లోనే పొర్లింది, నడుమ 89 ఏళ్ళు. ఇక సరిహద్దు సంగతి: 1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లాను చీల్చినప్పుడు బళ్ళారి మైసూరుకు పోయింది, రాయదుర్గం, ఆదోని, ఆలూరు ఆంధ్రకు వచ్చాయి.

ఇక సాయంత్రం. ఎండ దిగగానే ముందు చిన్నపిల్లలు వస్తారు. చెలమ పక్కన తవ్విపోసిన తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక కప్పి, తట్టితట్టి, కాలు మెల్లగా వెనక్కి లాగుతారు. పిచ్చుకగూడు నిలబడుతుంది. వేళ్ళు ముందు ముడుచుకుని తర్వాత మడమ జార్చాలి. ఈ కిటుకు ఏడేళ్ళ పాప ఒకతె నాకు మూడుసార్లు చేసి చూపించింది. పెద్దపిల్లలది కబడ్డీ. పడ్డా దెబ్బ తగలదు కాబట్టి పట్టులు మొండిగా ఉంటాయి. క్రికెట్టుకు మాత్రం ఇసుక పనికిరాదు, బంతి లేవదు. దానికి గట్టున చవుడు నేల వెతుక్కుంటారు.

పెద్దవాళ్ళకు వేసవి పని వేరే. కోతలైన చేలల్లో రాత్రిపూట గొర్రెల మంద కట్టించుకుంటారు. పెంటికలు, మూత్రం కలిసి చేనుకు ఎరువు. కాపరికి గింజలో డబ్బో ఇస్తారు. చెలమ తవ్వించిన పెద్దాయన మంద కూడా అందుకే దిగింది. ఒక్కో చేలో ఒక్కో రాత్రి.

దర్గా హొన్నూరు వైపు ఇంకో పని ఉంది, అది సరదా కాదు. నది పారని ఏళ్ళలో ఒట్టి ఇసుక గాలికి లేస్తుంది. జూన్ నుంచి వీచే పడమటి గాలులు దాన్ని మోసుకొచ్చి పొలాల్లో దిబ్బలు పోస్తాయి. ఆంధ్రాలో ఎడారి అని పత్రికలు రాసేది ఈ ప్రాంతం గురించే. రైతులు వానలకు ముందే చేలల్లో ఇసుక ఎత్తి పారబోసుకోవాలి. ఏట్లో ఉన్న ఇసుక నీళ్ళు దాస్తుంది, చేలో పడిన ఇసుక పంటను పూడుస్తుంది. పారే నీళ్ళూ గట్టున చెట్లూ ఉంటే అది ఏట్లోనే ఉండిపోయేది. అందుకే అక్కడ చెట్లు నాటే పనిని చూసినప్పుడల్లా నాకు దండం పెట్టాలనిపిస్తుంది.

రాత్రి ఆట

తెలుగు నాటకానికి పుట్టినిల్లు అనదగ్గ ఊరు బళ్ళారి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపింది అక్కడే. బళ్ళారి రాఘవ (1880–1946) ఆ ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్నాడు. ఈ గట్టు ఊళ్ళలో పంటలు ఇంటికొచ్చాక, వేసవి రాత్రుల్లో పద్యనాటకం ఆడితే తెల్లవారుతుంది. పక్క కన్నడ ఊరివాళ్ళయితే బయలాట కడతారు. తెలుగువాళ్ళు బయలాటకు, కన్నడంవాళ్ళు పద్యనాటకానికి చాపలు చుట్టుకుని పోతారు. ఎవరూ అర్థం చెప్పమని అడగరు.

సండిగలు

కోస్తా వడియం ఇక్కడ సండిగ. బియ్యప్పిండో జొన్నపిండో గంజిలా కాచి, జీలకర్ర, నూరిన పచ్చిమిరప, ఉప్పు కలిపి, తడిపిన పాత పంచె మీద పొద్దున్నే చెంచాతో పోస్తారు. సాయంత్రానికి పంచె తిరగేసి వెనకనుంచి నీళ్ళు చిలకరిస్తే ఒక్కొక్కటే ఊడి వస్తాయి. మిద్దె మీద కాకుల్ని తోలే కాపలా సెలవులకొచ్చిన పిల్లలది. సగం ఎండి మెత్తగా ఉన్నవి తినేయడం ఆ కాపలాకు కూలి.

చీకటి పడుతుంటే పెద్దాయన గొర్రెల్ని చేను వైపు మళ్ళించాడు. మనవడు చెలమ దగ్గరే ఆగిపోయాడు. గట్టునుంచి రెండు తుమ్మకంపలు ఈడ్చుకొచ్చి, గుంటకు అడ్డంగా పరిచి, ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టాడు.

"కుక్కలు మూతి పెడతాయన్నా" అన్నాడు. "పొద్దున మళ్ళా కావాల గదా."