కోల్‌కతాలోని శ్యామ్‌బజార్‌కు ఏ బండి?

ట్రయంఫ్ స్పీడ్ 400 ఇంగ్లండు కంపెనీది, కేటీఎం 390 డ్యూక్ ఆస్ట్రియా కంపెనీది. రెండూ తయారయ్యేది మాత్రం పుణె దగ్గర చాకణ్‌లోని బజాజ్ ఫ్యాక్టరీలోనే. ఇప్పుడున్న తరం బండ్లు రెండూ 2023లోనే మన దేశంలోకి వచ్చాయి. రెంటిదీ ఇంచుమించు 398 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజనే. కాగితం మీద చూస్తే డ్యూక్‌దే పైచేయి. దాని శక్తి 46 పీఎస్, ట్రయంఫ్‌ది 40. బరువులోనూ డ్యూకే తేలిక. అయితే విడుదలైనప్పుడు షోరూం ధర డ్యూక్‌కు 3.11 లక్షలు, ట్రయంఫ్‌కు 2.33 లక్షలు.

ఎక్కువున్న ఆ ఆరు పీఎస్‌లను కోల్‌కతాలో ఎక్కడ వాడతాం? గడియాహాట్ కూడలిలోనా, బడాబజార్ ఇరుకులోనా? ఇక్కడ హాయి అంటే ముప్పై కిలోమీటర్ల వేగంలో, మినీబస్సుకూ చేతిరిక్షాకూ మధ్య బండి ఎంత బుద్ధిగా నడుస్తుందన్నదే. స్పీడ్ 400 తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది, మాటిమాటికీ గేరు దించనక్కర్లేదు. డ్యూక్ ఉషారంతా పై ఆర్‌పీఎంలో ఉంది. నెమ్మదిగా పోనిస్తే విసుక్కుంటుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు రేడియేటర్ ఫ్యాను వేడిగాలి కాళ్లకు కొట్టడం రెంటిలోనూ ఉన్నదే. మే నెల ఉక్కలో అది ఎవరికీ నచ్చదు.

ఇక ట్రామ్ పట్టాలు. 1873లో గుర్రాలతో మొదలై, 1902లో కరెంటుకు మారిన ట్రామ్‌లు ఇప్పుడు చాలా దారుల్లో తిరగడం లేదు. పట్టాలు మాత్రం చాలాచోట్ల మిగిలాయి. వానలో తడిసిన ఉక్కు మీద రబ్బరుకు పట్టు దాదాపు ఉండదు. ఏటవాలుగా దాటితే చక్రం పక్కకు జారుతుంది. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా ఆపగలదు కానీ లేని పట్టును తేలేదు. అందుకే పట్టాను వీలైనంత అడ్డంగా, బ్రేకు వేయకుండా, బండిని వాల్చకుండా దాటాలి. ఈ జాగ్రత్త రెండు బండ్లకూ తప్పదు. డ్యూక్‌లో ఉన్న రెయిన్ మోడ్ మాత్రం థ్రాటిల్ దూకుడును తగ్గిస్తుంది, ట్రయంఫ్‌లో అది లేదు. షాకబ్జార్బర్లను కూడా డ్యూక్‌లో మనకు కావలసినట్టు సర్దుకోవచ్చు. గతుకుల మాట వస్తే నా ఓటు డ్యూక్‌కే.

అయినా రోజువారీకి ట్రయంఫే కొనమంటాను. నిటారుగా కూర్చోవచ్చు. వెనక కూర్చునేవాళ్ల సంగతి అసలు పెద్ద తేడా. డ్యూక్ వెనక సీటు చిన్నది, ఎత్తైనది. చీరకట్టుతో అత్తగారిని దాని మీద ఎక్కించే ధైర్యం నాకు లేదు.

ప్రతి ఆదివారం 16వ నంబరు జాతీయ రహదారెక్కి ఖరగ్‌పూర్‌లోని తెలుగు బంధువుల ఇంటికి వెళ్లేవారికి లెక్క మారుతుంది. వేగం పెరిగితే ట్రయంఫ్ హ్యాండిల్‌లో వణుకు తెలుస్తుంది. డ్యూక్ అక్కడే ఊపందుకుంటుంది, ట్యాంకులో రెండు లీటర్లు ఎక్కువ కూడా పడుతుంది.

టెస్ట్ రైడ్‌కు మాత్రం ఉదయాన్నే ఖాళీ బైపాస్ మీదికి వెళ్లకండి. సాయంత్రం ఆరింటికి, వెనక ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకుని, శ్యామ్‌బజార్ ఐదు దారుల కూడలి దాటి చూడండి.