కరీంనగర్ అని రాసి ఉంటే ఎక్కడ వెతకాలి?

పసితనంలో మన దగ్గరి అనాథాశ్రమాల నుంచి స్వీడన్‌కు దత్తత వెళ్లినవారు ఇప్పుడు నడివయసుకు వచ్చారు. కన్నవాళ్లెవరో తెలుసుకోవాలన్న తపనతో కొందరు ఇటు చూస్తున్నారు. పాత కాగితంలో పుట్టిన ఊరు కరీంనగర్ అని ఉంటే అక్కడితో ఆగకూడదు. 2016 అక్టోబర్ 11 దాకా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కూడా కరీంనగర్ జిల్లాలోనివే. పైగా అది బిడ్డ పుట్టిన ఊరు కాక, ఆశ్రమం ఉన్న ఊరు కావచ్చు.

పేరునూ నమ్ముకోలేం. దొరికిన పసిబిడ్డకు పేరు పెట్టేది ఆశ్రమమే, పుట్టిన తేదీ అంచనా వేసేది డాక్టరు. కాస్త గట్టిగా నిలిచేది చేర్చుకున్న తేదీ. ఆ రోజు రిజిస్టరులో ఒక వరుస రాస్తారు: ఎవరు తెచ్చారు, ఎక్కడ దొరికింది, ఒంటిమీద ఏ మచ్చలున్నాయి. పోలీసులు తెచ్చి ఉంటే ఆ స్టేషన్ పేరే అసలు ఊరికి దారి చూపుతుంది.

తర్వాత చూడాల్సింది కోర్టు ఫైలు. 1956 నాటి హిందూ దత్తత చట్టం విదేశీ క్రైస్తవ దంపతులకు వర్తించదు. అందుకే వారు 1890 నాటి గార్డియన్ల చట్టం కింద ఇక్కడి కోర్టులో సంరక్షకులుగా ఉత్తర్వు పొంది, దత్తతను తమ దేశంలో పూర్తి చేసుకునేవారు. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతికి కట్టుదిట్టమైన నియమాలు పెట్టింది. బిడ్డ గురించిన నివేదిక, తల్లి రాసిచ్చిన పత్రం ఉంటే ఆ ఫైలులోనే దొరకొచ్చు. స్వీడన్ కోర్టులోనూ, దత్తత సంస్థ దగ్గరా నకళ్లు అడగాలి.

కాగితంలో ఉన్నదంతా నిజమనుకోవద్దు. 1999, 2001లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల నుంచి పసిపిల్లలను కొని దత్తతకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. అందుకే ఆశ్రమం రాతను పోలీసు, ఆసుపత్రి రికార్డులతో సరిచూడాలి.

18 ఏళ్లు నిండినవారు కేంద్ర దత్తత సంస్థ 'కారా'కు స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. వారి తరఫున మూడోవాళ్లు వెతకడానికి నిబంధనలు ఒప్పుకోవు. బిడ్డను అప్పగించిన తల్లి వద్దంటే ఆమె వివరాలు ఇవ్వరు. వెతికేవారికి ఇది బాధాకరమే, అయినా న్యాయమైన హద్దు. ఆమె ఈపాటికి వేరే సంసారంలో, ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేక బతుకుతుండవచ్చు.

ఇలాంటి వెతుకులాటకు పాత రిజిస్టర్లే ఆధారం. స్టాక్‌హోమ్‌లో 1633లో మొదలైన అనాథాశ్రమం తన పిల్లల పేర్లు పుస్తకాల్లో రాసి ఉంచింది. వాటిలోనే ఈనాటి స్వీడన్ వాళ్లు తమ పూర్వీకులను వెతుక్కుంటున్నారు. మన దగ్గర మూతపడ్డ ఆశ్రమాల పాత రిజిస్టర్లు ఎవరి ఇంట్లోనైనా ఉంటే చిత్తుకాగితాలకు వేయకండి. జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి అప్పగించండి.