కాలిన అడవిలో చిగురించిన పాఠాలు

భూమిలో సంచరించి సృష్టి ఎలా ఆరంభమయిందో చూడండని దివ్య ఖుర్‌ఆన్ మానవులను ఆహ్వానిస్తోంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాన్ హోసే పరిసరాలలో స్థిరపడిన ఏడు తెలుగు ముస్లిం కుటుంబాల వారం ఈ ఆహ్వానాన్ని మనసులో ఉంచుకుని, ఒక శని, ఆదివారాలు శాంటా క్రూజ్ కొండల అడవులలో నడిచి వచ్చాము. పసిపిల్లలు మొదలుకొని, కర్నూలు నుంచి కొడుకును చూడవచ్చిన డెబ్బయ్యేళ్ల నానీ వరకు మొత్తం ఇరవై తొమ్మిది మందిమి.

అమీర్ ఎన్నిక

ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. మేమూ అలాగే ఎన్నుకున్నాము. మొదటి చర్చ నానీ గురించే వచ్చింది. మోకాళ్ల నొప్పులున్న ఆమెను ఇంటి దగ్గరే ఉంచడం మంచిదని కొందరన్నారు. అమీర్ అంగీకరించలేదు. వెనుక వృద్ధులు, బలహీనులు ఉన్నప్పుడు ఇమామ్ నమాజును తేలికపరచాలని ప్రవక్త (స) ఆదేశించారు కదా, నడకకూ అదే కొలమానం అన్నారు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ముందుండాలి, మిగిలినవారు వారి వెనుక నడవాలి. ఇదే మా నియమమయింది.

నిర్జీవమైన నేల

శనివారం బిగ్ బేసిన్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కుకు వెళ్లాము. 1902లో ఏర్పడిన ఈ పార్కు కాలిఫోర్నియా స్టేట్ పార్కులన్నిటిలోకీ పాతది. 2020 ఆగస్టులో పిడుగుల వల్ల రగిలిన కార్చిచ్చు పార్కులో 97 శాతాన్ని దహించింది. పాత కార్యాలయ భవనం కూడా బూడిదయింది. 2022లో గానీ సందర్శకులను మళ్లీ అనుమతించలేదు.

మానులు నేటికీ బొగ్గులా నల్లగా ఉన్నాయి. అయినా ఆ నలుపు మీదనే, మొదలు నుంచి పైదాకా, పచ్చని చిగుళ్లు గుబురుగా అల్లుకున్నాయి. రెడ్‌వుడ్ బెరడు చాలా మందం. దాని కింద నిద్రాణంగా ఉన్న మొగ్గలు అగ్నిప్రమాదం తరువాత మేల్కొంటాయి. ఈ గుణం లేని డగ్లస్ ఫర్ చెట్లు మాత్రం చాలావరకు ఎండి నిలిచాయి. చచ్చిన నేలను బ్రతికించడాన్ని ఖుర్‌ఆన్ పునరుత్థానానికి నిదర్శనంగా ఎందుకు చూపుతుందో పిల్లలకు వేరుగా వివరించవలసిన పని లేకపోయింది.

అడవిలో నమాజు

జుహ్ర్ వేళకు బాటకు అడ్డం కాకుండా ఒక ఖాళీ స్థలంలో జానిమాజులు పరిచాము. వెంట తెచ్చుకున్న నీళ్లు ఉన్నాయి గనుక వుజూయే చేశాము. తయమ్ముమ్ నీరు దొరకనప్పటి సౌలభ్యం. మేము నడిచిన చోటు మా ఇళ్లకు, హనఫీ పండితులు సాధారణంగా చెప్పే 48 మైళ్ల దూరం లోపే ఉంది. అందుచేత ఖస్ర్ చేయక నమాజును పూర్తిగా చేశాము. జీవితమంతా పడమటి దిక్కుగా సజ్దా చేసిన నానీ, ఇక్కడ ఖిబ్లా ఉత్తరానికి కొద్దిగా తూర్పుగా ఉండడం చూసి, “దిక్కు మారింది గానీ ఇల్లు మారలేదు బేటా” అన్నారు.

అస్ర్ తరువాత యువకులు కొండపైకి వెళదామని పట్టుబట్టారు. చీకటి పడకముందే అందరూ కలిసి వెనుదిరగాలని అమీర్ నిర్ణయించారు. కొందరి ముఖాలు చిన్నబోయినా ఎవరూ గుంపును విడిచిపోలేదు.

అల్లుకున్న వేళ్లు

ఆదివారం హెన్రీ కోవెల్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కులో చదునైన బాటను ఎంచుకున్నాము. చక్రాల కుర్చీ సాగే బాట అది. ముందురోజు అలిగిన కుర్రవాళ్లే వంతులు వేసుకుని నానీ కుర్చీని నడిపారు. అక్కడి పురాతన వృక్షాలలో కొన్ని 1,400 ఏళ్లకు పైబడినవి. హిజ్రీ శకం ఆరంభమయ్యేనాటికే అవి మొలకెత్తి ఉన్నాయన్న మాట! ఇంత ఎత్తైన చెట్ల వేళ్లు లోతుగా దిగవు. అవి పక్కలకు విస్తరించి పొరుగు చెట్ల వేళ్లతో పెనవేసుకుంటాయి. గాలివానలో నిలబడడానికి అదే వాటికి ఆధారం.

తిరిగివచ్చేటప్పుడు మా చెత్తతో పాటు బాటలో కనిపించిన ఇతరుల చెత్తనూ సంచులలోకి ఎత్తాము. బాటలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగం. నలుగురు నడిచే చోటును, నీడనిచ్చే చెట్టు కిందను మలినం చేయరాదని కూడా ప్రవక్త (స) హెచ్చరించారు. రెడ్‌వుడ్ అడవికైనా, మన నల్లమలకైనా ఈ మర్యాదలు ఒక్కటే. పాఠకులారా, మీరు కుటుంబంతో అడవికి బయలుదేరేటప్పుడు ఇంటి పెద్దవారిని వెంట తీసుకువెళ్లండి, వారి అడుగును బట్టే బాటను ఎంచుకోండి.