బుల్ గేర్ మోసే బరువు

ఎ.కొండూరు వైపు మెట్ట చేలల్లో పాత ట్రాక్టర్ బేరానికి వస్తే మొదటి ప్రశ్న "ఎన్ని హెచ్‌పీ?" అనే. అంతకన్నా ముందు అడగాల్సింది ఇంజిన్ వెనక హౌసింగ్‌లో ఏముందని.

రెండు పాత బండ్లు చూద్దాం. రెండూ సుమారు 35 హెచ్‌పీవే. ఒకటి మెస్సీ ఫెర్గూసన్ 35. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీతో మెస్సీ బండ్లు మన ఊళ్లకు దగ్గరయ్యాయి. రెండోది బి-275. 1963లో మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి పెట్టిన కంపెనీ దీన్ని బొంబాయిలో తయారుచేసింది.

35 హెచ్‌పీ ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే షాఫ్టు మెలితిప్పే బలం సుమారు 125 న్యూటన్ మీటర్లు. దాంతో నాగలి కదలదు. గేర్లు వేగాన్ని తగ్గించుకుంటూ పోయి ఆ బలాన్ని పెంచుతాయి. మొత్తం తగ్గింపు 200 రెట్లనుకుంటే, రాపిడి నష్టం లెక్కేయకుండా, యాక్సిల్ దగ్గర 25,000. మరి ఆ పెరుగుదల ఎక్కడ జరుగుతోంది?

మెస్సీ 35లో ఆఖరి తగ్గింపు క్రౌన్, పినియన్ గేర్ల దగ్గరే. అక్కణ్నుంచి షాఫ్టులు నేరుగా చక్రాలకు పోతాయి. అంటే పెరిగిన బలమంతా క్రౌన్ పళ్లు, డిఫరెన్షియల్, యాక్సిల్ షాఫ్టులు భరించాలి. బి-275లో డిఫరెన్షియల్ దాటాక ఇంకో తగ్గింపు ఉంది. చిన్న పినియన్ పెద్ద బుల్ గేర్‌ను తిప్పుతుంది. చివరి పెంపు అక్కడే కాబట్టి క్రౌన్ మీద భారం ఆ మేరకు తక్కువ. బ్రేకులు కూడా వేగంగా తిరిగే ఆ చిన్న పినియన్ షాఫ్టు మీదే ఉన్నందున చిన్న బ్రేకే సరిపోతుంది.

అలాగని మెస్సీ బలహీనమని కాదు. నాగలి లాగుడును హైడ్రాలిక్స్‌తో వెనక చక్రాల మీద బరువుగా మార్చడం హ్యారీ ఫెర్గూసన్ ఆలోచన. అందుకే ఆ బండి తేలికగా ఉన్నా పట్టు దొరికింది. దున్నేటప్పుడు భారం మితిమీరితే పళ్లు విరిగేలోపే టైరు జారుతుంది. గేర్లను అసలు చంపేది కుదుపు. నిండు ట్రక్కుతో గట్టు ఎక్కుతూ క్లచ్ ఒక్కసారిగా వదలడం, బురదలో దమ్ము చక్రాలు కూరుకుపోయాక యాక్సిలరేటర్ తొక్కడం. చక్రం తిరగలేకపోతే ఆ బలం బండి ముందు భాగాన్ని లేపేస్తుంది. బండి వెనక్కి తిరగబడి ప్రాణాలు పోయేది ఇలాగే. ఇలాంటి కుదుపులుండే పనికి నా ఓటు బుల్ గేర్ బండికే.

మామిడి తోటలో తిరిగే పవర్ టిల్లర్‌ది మరో దారి. ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య వి-బెల్టులుంటాయి. చక్రం బిగుసుకుంటే బెల్టు జారి పళ్లను కాపాడుతుంది.

కొనేముందు జాకీ వేసి ఒక వెనక చక్రాన్ని లేపండి, గేరులో ఉంచి చేత్తో అటూ ఇటూ ఆడించండి. ఎంత ఖాళీగా ఆడితే పళ్లు అంత అరిగినట్టు. హౌసింగ్ కింది బోల్టు తీసి ఆయిల్ చూడండి. పాలలా తెల్లబడితే సీలు దాటి దమ్ము నీళ్లు చేరాయి. ఆ ఆయిల్‌లో ముంచిన అయస్కాంతానికి ఉక్కు పెచ్చులు అంటుకుంటే హౌసింగ్ విప్పే ఖర్చు ధరలో తగ్గించి మాట్లాడాలి.