వడ్డాణం కట్టిన తూటా

పోయిన వానాకాలం, మంథని వైపు నుంచి మా బడికి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు జేబులోంచి ఇత్తడి గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు. చూపుడు వేలంత పొడవు. కింద లావుగా ఉండి, పైకి పోయిన కొద్దీ సన్నబడి, భుజం దగ్గర ఒదిగి మెడగా మారింది. అడుగున కైనాక్ అనే పేరు, 375 అనే అంకె. మెడ మీద నిలువునా వెంట్రుకంత పగులు.

"పేల్చినప్పుడే పగిలిందా సార్?"

వాళ్ల తాత చిన్నప్పుడు దొరల షికారుకు హాకా కొట్టడానికి మహదేవపూర్ అడవుల్లోకి పోయేవాడట. డప్పులు, కేకలతో జంతువును మంచె వైపు తోలే పని. వేట ముగిశాక నేల మీద పడ్డ ఖాళీ గొట్టాలు ఏరుకొచ్చేవాడట. అలా వచ్చినవే ఇదీ, ఇంకో రెండూ.

అవునని చెప్పేయబోయి భూతద్దం తీశాను. పేలినప్పుడే మెడ చీలితే ఆ చీలికలోంచి పొగ చిమ్మి అంచులు నల్లబడాలి. ఇక్కడ అంచులు శుభ్రంగా ఉన్నాయి. పిల్లవాడు మర్నాడు మిగతా రెండూ తెచ్చాడు. ఒకదానికి అచ్చం అలాంటి పగులే, మూడోది నిక్షేపంగా ఉంది. నా పాతికేళ్ల ఉద్యోగంలో ఒక ప్రశ్న ఇన్ని రోజులు నిద్ర చెడగొట్టడం ఇదే మొదలు.

భర్మార్ తుపాకి మన వైపు చాలామందికి తెలుసు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, గజంతో కూరాలి. తూటా వచ్చాక మందు, గుండు, నిప్పు పుట్టించే ప్రైమర్ మూడూ ఒకే ఇత్తడి గొట్టంలో చేరాయి. అందుకే అది వట్టి డబ్బా అనుకుంటాం. దాని అసలు పని వేరే. మందు అంటుకోగానే లోపలి పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 4,000 రెట్లు దాటుతుంది. ఆ గ్యాసు ముందుకు గుండును తోస్తుంది, వెనక్కి కాల్చేవాడి ముఖం వైపూ దారి వెతుకుతుంది. ఆ దారి మూసేది ఈ పలచటి ఇత్తడి గోడే. సైకిల్ పంపులో తోలు వాషర్‌ను గుర్తుతెచ్చుకోండి. కిందికి నొక్కినప్పుడు గాలి ఒత్తిడికే అది విచ్చుకుని గొట్టం గోడకు అతుక్కుంటుంది. ఎంత గట్టిగా నొక్కితే అంత గట్టిగా మూసుకుంటుంది. ఇత్తడి గొట్టమూ అంతే, ఉబ్బి, తుపాకిలో తూటా కూర్చునే గది గోడకు అతుక్కుపోతుంది.

అతుక్కోవడం సులువు. సెకనులో వెయ్యో వంతు గడిచాక వదిలిపెట్టడమే కష్టం. వదలకపోతే ఖాళీ గొట్టం గదిలోనే బిగుసుకుంటుంది, రెండో తూటా లోపలికి పోదు. ఎదురుగా గాయపడ్డ అడవిదున్న ఉంటే ఆ బిగుసుకోవడం ఒక ప్రాణం ఖరీదు.

ఇత్తడి ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. లోహాన్ని లాగితే కొంతవరకు సాగి, వదలగానే వెనక్కి వస్తుంది. ఆ హద్దు దాటితే సాగినంత సాగి ఉండిపోతుంది. వెనక్కి ఎంత రాగలదనేది రెండు సంగతుల మీద ఉంటుంది. హద్దు ఎంత పైన ఉంది, లోహం ఎంత బిర్రుగా ఉంది. ఇత్తడి బిర్రు ఉక్కులో సుమారు సగమే. అంటే రెండూ ఒకే బలం గలవైతే ఇత్తడి రెండింతలు సాగి రెండింతలు వెనక్కి వస్తుంది. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం కలిపి సాగదీసి గట్టిపరచిన ఇత్తడికి లెక్క వేసి చూశాను. 13 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న గొట్టం ఇలా వెనక్కి రాగలిగేది దాదాపు 0.05 మిల్లీమీటర్లు. గది గోడ కూడా కాస్త సాగి వెనక్కి వస్తుంది కాబట్టి చివరికి మిగిలే సందు ఇంకా తక్కువ. వెంట్రుక కూడా పట్టని ఆ సందే గొట్టాన్ని బయటికి రానిస్తుంది.

ఇక ఎండ. రాజా దీన్‌దయాళ్ 1902లో తీసిన ఒక ఫొటో ఉంది. వరంగల్ దగ్గర నెక్కొండలో వైస్రాయ్ లార్డ్ కర్జన్ దంపతులు, ముందు చచ్చిన పులి. నిజాం రాజ్యంలో అలాంటి షికార్లు ఎండల్లో జరిగేవి. అప్పటికి నల్ల తుపాకిమందు పోయి కార్డైట్ వచ్చింది. సేమియా పుల్లల్లాంటి మందు అది. మొదట్లో అందులో 58 పాళ్లు నైట్రోగ్లిజరినే. వేడెక్కిన కొద్దీ అది వేగంగా మండుతుంది, పీడనం పెరుగుతుంది. లండన్ చలిలో సరిపోయిన తూటా, 45 డిగ్రీలు దాటే మా రామగుండం ఎండలో గదిని పట్టుకుని వదలకపోవచ్చు. ఇంజనీర్లు దీనికి కనిపెట్టిన విరుగుడు గొట్టాన్ని పెద్దది చేయడం. అంతే మందుకు ఎక్కువ జాగా ఇస్తే పీడనం తగ్గి, ఎండకు పెరిగినా హద్దులో ఉంటుంది. మాగ్నమ్ అంటే లాటిన్‌లో పెద్దది. పెద్ద ద్రాక్షసారా సీసాను అలా పిలిచేవారు. పెద్ద తూటాకు ఆ పేరు అక్కడినుంచే వచ్చింది.

ఈ పనిలో లండన్ కొట్లు రెండు పోటీ పడ్డాయి. నాకు అమితంగా నచ్చే పోటీ ఇది. 1911లో రిగ్బీ .416 తూటా తెచ్చాడు. బొద్దు ఒళ్లు, 45 డిగ్రీల వాలుతో కొట్టొచ్చినట్టు కనిపించే భుజం. తూటాను గదిలోకి తోస్తే ఆ భుజం గది భుజానికి ఆని ఆగుతుంది. మరుసటి ఏడాది హాలండ్ అండ్ హాలండ్ .375 మాగ్నమ్ తెచ్చింది. మా పిల్లవాడి గొట్టం ఆ వంశానిదే. ఇది సన్నగా కోసుగా ఉంటుంది, భుజం వాలు 15 డిగ్రీలే. కోసుగా ఉంటే గదిలోకి జారడమూ, బయటికి ఊడడమూ తేలిక. కానీ అంత మెత్తటి భుజం తూటాను సరైన లోతులో ఆపుతుందని నమ్మలేం. అందుకని హాలండ్ వాళ్లు అడుగున, నడుముకు వడ్డాణం పెట్టినట్టు, గట్టి ఇత్తడి పట్టీ ఒకటి ఉంచారు. ఆ పట్టీ గది మూతి దగ్గరి మెట్టుకు తగిలి తూటా ఆగుతుంది. భుజం ఎక్కడున్నా పర్వాలేదు.

వడ్డాణమే గెలిచింది. 1956 నాటి .458 విన్‌చెస్టర్ మాగ్నమ్, 1963 నాటి .300 విన్‌చెస్టర్ మాగ్నమ్, ఇంకా ఎన్నో అదే నడుముతో పుట్టాయి. నా మనసు మాత్రం రిగ్బీ వైపే. ఎందుకో మా మేనల్లుడి వల్ల తెలిసింది.

గోదావరిఖనిలో పెరిగి, కొలరాడోలో స్థిరపడ్డాడు వాడు. లైసెన్సుతో ఎల్క్ దుప్పుల వేటకు పోతాడు. కాల్చిన గొట్టాలు పారేయకుండా గ్యారేజీలో మళ్లీ నింపుకుంటాడు. అక్కడ వేలమందికి ఇది వ్యాపకం. పిల్లవాడి గొట్టాల సంగతి చెప్పి వీడియోలో చూపిస్తే, వాడు తన .300 మాగ్నమ్ గొట్టమొకటి తీసుకుని, కొస వంచిన గుండుసూదిలాంటి తీగను లోపలికి దించాడు. పట్టీకి కాస్త పైన తీగ కొస గాడిలో పడి ఆగింది. "ఇక్కడ గోడ పలచబడ్డది మామా. ఇంకోసారి కాలిస్తే అడుగు తెగుతది."

ఎందుకు తెగుతుంది? పట్టీ ఎలాగూ ఆపుతుందన్న ధీమాతో భుజం ముందు కాస్త ఖాళీ వదిలేస్తారు. పేలినప్పుడు గొట్టం పైభాగం ఉబ్బి గది గోడను కరుచుకుంటుంది. అడుగు మందం కాబట్టి కరుచుకోదు, పీడనానికి వెనక్కి జరుగుతుంది. రెంటి నడుమ గోడ సాగుతుంది, భుజం ముందుకు ఉబ్బి ఖాళీని నింపుతుంది. తిరిగి నింపేవాడు ఆ గొట్టాన్ని అచ్చులో పెట్టి పూర్తిగా పాత కొలతకు నొక్కితే భుజం మళ్లీ వెనక్కి పోతుంది, మళ్లీ ఖాళీ, మళ్లీ సాగడం. కొన్నిసార్లకే పట్టీ పైన చుట్టూ గాడి పడి గొట్టం రెండు ముక్కలవుతుంది. మా వాడు అచ్చును సర్ది, భుజాన్ని 0.05 మిల్లీమీటర్లు మాత్రమే వెనక్కి నెడతాడు. అప్పుడు తూటాను ఆపేది భుజమే. ఏళ్ల తరబడి నింపిన చేతులు తేల్చుకున్నది, రిగ్బీ 1911లోనే చెప్పిన మాట.

మెడ సంగతి వేరు. పేల్చినప్పుడు ఉబ్బుతుంది, అచ్చులో నలుగుతుంది, ఉబ్బుతుంది, నలుగుతుంది. తీగను అటూ ఇటూ వంచితే మొదట మెత్తగా వంగి, తర్వాత గట్టిపడి, చివరికి పుటుక్కుమంటుంది కదా. లోపల పరమాణువుల వరుసలు చిక్కులు పడి కదలలేకపోవడమే ఆ గట్టిదనం. విరుగుడు నిప్పే. మా మేనల్లుడు గొట్టాన్ని తిప్పుతూ మెడను మాత్రం కొన్ని క్షణాలు గ్యాసు మంటలో పెడతాడు. వేడికి చిక్కులు విడిపోయి ఇత్తడి మళ్లీ మెత్తబడుతుంది. అడుగుకు మాత్రం సెగ తగలనివ్వకూడదు. అది మెత్తబడితే ఆ పీడనాన్ని ఆపలేదు, తుపాకి చేతిలోనే చిట్లుతుంది. జనగామ దగ్గర పెంబర్తి పనివాళ్లకు ఈ విద్య తరాలుగా వచ్చు. రేకును కొడతారు, గట్టిపడగానే కాలుస్తారు, మళ్లీ కొడతారు. కాల్చిన ఉక్కును నీళ్లలో ముంచితే బిరుసెక్కుతుంది. ఇత్తడిని ముంచినా మెత్తగానే ఉంటుంది. పిల్లలకు ఈ తేడా చూపించినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

ఇంత తెలిశాక కూడా మా గొట్టం ప్రశ్న తెగలేదు. అది ఒక్కసారే పేలింది. మెడ అలిసిపోయేంత పని పడలేదు. అప్పుడు పిల్లవాణ్ణి అడగాల్సిన ప్రశ్న అడిగాను. ఇన్నేళ్లూ ఇవి ఎక్కడున్నాయిరా?

"బర్రెల కొట్టంల, అటక మీద సార్. తాత వీటిల దబ్బనాలు దాసుకునేటోడు. పడిపోకుంట తుమ్మ చెక్క బిరడా కొట్టిండు."

బర్రెల కొట్టం అనగానే లేచి నిలబడ్డాను. బ్రిటిష్ సైన్యానికి ఈ దేశంలోనే ఎదురైన చిక్కు అది. వానాకాలంలో సైన్యం తూటాలను గుర్రపుశాలల్లో నిలవ చేసేది. కాల్చకుండానే వాటి మెడలు పగిలేవి. వానలతో వచ్చే పగులు కాబట్టి ఋతువు పగులు అన్నారు. చాలాకాలం కారణం అంతుపట్టలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు చిక్కుముడి విప్పారు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా తేమలో కరిగి, గాలిలోని ఆక్సిజన్ తోడుతో రాగిని కరిగిస్తుంది. అయితే ఊరికే ఉన్న ఇత్తడిని అంతగా బాధించదు. లోపల ఎక్కడ లాగుడు మిగిలి ఉందో అక్కడే దూరుతుంది. గుండును బిగించి పట్టుకున్న మెడలో ఆ లాగుడు ఎప్పుడూ ఉంటుంది. పగులు కొంచెం తెరుచుకుంటే కొత్త లోహం బయటపడుతుంది, దాన్నీ అమ్మోనియా తింటుంది. గొట్టం చేశాక, మందు నింపకముందే, సన్నటి సెగతో లోపలి లాగుడు తీసేయడమే మందు. సైన్యం తూటాల మెడల మీద ఈనాటికీ కనిపించే నీలి గోధుమ మచ్చ ఆ సెగ గుర్తే.

మా బిరడా చేసింది కూడా అదే. బిగించి కొట్టిన తుమ్మ చెక్క, వానకు ఉబ్బి మెడను లోపలినుంచి లాగింది. కింద బర్రెలు, అమ్మోనియా. మూడో గొట్టానికి బిరడా లేదట.

మా ఊళ్లో ఈ సూత్రం బడి బయట కూడా బతికే ఉంది. బొగ్గుతో యూరియా చేయడానికి కట్టి 1999లో మూతపడ్డ ఎరువుల ఫ్యాక్టరీ స్థానంలో 2021 నుంచి గ్యాసుతో నడిచే కొత్తది నడుస్తోంది. యూరియాకు ముడిసరుకు అమ్మోనియా. అమ్మోనియా తగిలే చోట ఇత్తడి వాల్వు, ఇత్తడి గేజీ పెట్టకూడదన్నది ఆ పనిలో తొలి పాఠం. మా క్లాసులో సగంమంది తండ్రులకు అది తెలుసు, ఎందుకో పిల్లలకు తెలియదు.

చూపిస్తే పోలా అని లక్ష్మీనగర్ గిన్నెల దుకాణంలో ఇత్తడి రేకు కొన్నాను. రెండు పట్టీలు కోశాం. ఒకటి తిన్నగా ఉంచాం, రెండోది గుర్రపు నాడాలా వంచి తీగతో బిగించి కట్టాం. కిటికీలన్నీ తెరిచి, మూతగల గాజు జాడీలో అడుగున కాస్త అమ్మోనియా ద్రావణం పోసి, రెండింటినీ దానికి తగలకుండా పైన వేలాడదీశాం. మర్నాటికి రెండు పట్టీల మీదా నీలి చెమట పట్టింది. రాగి కరిగి అమ్మోనియాతో కలిసిన రంగు అది. మూడో రోజు ఉదయం ప్రార్థన కాకముందే పిల్లలు జాడీ చుట్టూ మూగారు. తిన్నగా ఉంచిన పట్టీ అలాగే ఉంది. వంచినది సరిగ్గా వంపు దగ్గర అడ్డంగా తెగి, ఒక ముక్క తీగకు వేలాడుతోంది.

పిల్లవాడు మాట్లాడకుండా తన రెండు గొట్టాల్లోంచి బిరడాలు పీకి, మూడూ రుమాలులో మూటగట్టుకున్నాడు. ఇప్పుడు అవి వాళ్ల ఇంట్లో, తాత ఇనుప పెట్టెలో ఉన్నాయి.