చిన్న కళాశాలను ఎంచుకొనుట

పల్లెనుండి గాని చిన్న పట్టణమునుండి గాని ఉన్నత విద్యకు బయలుదేరు విద్యార్థి ముందు రెండు ప్రశ్నలు నిలుచును. ఆ కళాశాల తన్ను చేర్చుకొనునా యనునది మొదటిది. అది తనకు తగినదా యనునది రెండవది. పెక్కుమంది మొదటి ప్రశ్నతోనే ఆగిపోవుదురు. ప్రవేశపరీక్షలో నెగ్గినవారి జాబితాలో పేరు కనబడగానే ఇంటిల్లిపాదియు సంతోషించి పెట్టె సర్దుదురు. కాని కొన్ని సంవత్సరముల కాలమును, తల్లిదండ్రుల కష్టార్జితమును వెచ్చింపవలసిన పనికి రెండవ ప్రశ్నయే ముఖ్యమైనది.

కొద్దిమందినే పరీక్షించి చేర్చుకొని, సాహిత్యము, చరిత్ర, గణితము, విజ్ఞానశాస్త్రములు మున్నగువానిని ఒకేచోట బోధించు చిన్న కళాశాలలు అమెరికాలో చిరకాలముగా ఉన్నవి. 1821లో స్థాపితమైన ఆమ్‌హర్స్ట్ కళాశాల, 1864లో ఏర్పడిన స్వార్త్‌మోర్ కళాశాల అట్టివి. వానిలో నేటికిని విద్యార్థులు రెండేసివేల లోపే. శ్రద్ధగా చదువుట, ఆలోచించుట, స్పష్టముగా వ్రాయుట, మర్యాదతో వాదించుట నేర్పి, ఏ వృత్తినైనను చేపట్టగల మనిషిని తీర్చుట వాని ఆశయము. దీనినే ఉదారవిద్య యందురు.

రాయలసీమకు ఇట్టి ఆశయము క్రొత్తది కాదు. మదనపల్లెలో 1915లో బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల వెలసెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచట అతిథిగా ఉండి, ‘జనగణమన’ గీతమును ఆంగ్లమునకు అనువదించెను. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్యయైన మార్గరెట్ కజిన్స్ ఆ గీతమునకు స్వరములు కూర్చి వ్రాయుటలో తోడ్పడెను. చిన్న ఊరిలోని చిన్న కళాశాలయైనను, తగిన గురువులున్నచో దేశమునకు గుర్తుండు పని చేయగలదని దీనివలన తెలియుచున్నది.

స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భమున 1972లో కర్నూలునందు సిల్వర్ జూబిలీ ప్రభుత్వ కళాశాల స్థాపింపబడెను. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావుగారు, 1991లో నంద్యాలనుండి లోక్‌సభకు ఎన్నికైనదియు వారే. కోస్తా, రాయలసీమ, తెలంగాణ ప్రాంతముల విద్యార్థులు ఒకచోట వసించి చదువుకొని, పరస్పర స్నేహము పెంచుకొనవలెనని ఆ కళాశాల ఉద్దేశము. 2014లో రాష్ట్రము రెండుగా విడిపోయెను. ఆ కళాశాలయు తరువాత కర్నూలు క్లస్టర్ విశ్వవిద్యాలయమున ఒక అంగమయ్యెను. ఇవిగాక, ప్రవేశపరీక్షద్వారా విద్యార్థులను తీసికొను గురుకుల డిగ్రీ కళాశాల నాగార్జునసాగరమునందు కలదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఉదారవిద్య కొరకై క్రియా విశ్వవిద్యాలయము 2018లో ఏర్పడెను.

ఇట్టి విద్యాలయములను పోల్చునపుడు సంఖ్యలను జాగ్రత్తగా చదువవలెను. ఒక కళాశాలలో నూరు స్థానములున్నవనుకొనుడు. వేయిమంది దరఖాస్తు చేసినచో పదిమందిలో ఒకరికి చోటు దొరకును. మరుసటి ఏడు దరఖాస్తు రుసుము తీసివేయుటచేత రెండువేలమంది దరఖాస్తు చేసిరనుకొనుడు. అప్పుడు ఇరువదిమందిలో ఒకరికే చోటు. కళాశాలకు పేరు పెరుగును. కాని గురువులు వారే, గ్రంథాలయమదియే, పాఠములవియే. కావున ఎందరిని త్రిప్పి పంపినారను లెక్క, చేరినవారికి ఏమి నేర్పుదురో తెలుపజాలదు.

ఉత్తీర్ణుల శాతమును ఇట్టిదే. మంచి మార్కులు వచ్చినవారినే ఏరి చేర్చుకొన్న కళాశాలలో అందరును ఉత్తీర్ణులగుట వింత గాదు. సామాన్యమైన మార్కులతో చేరినవారిని ముందుకు నడిపించిన కళాశాల అంతకంటె ఎక్కువ పని చేసినదనవచ్చును. గురువుల లెక్కయు అట్లే. ఆరువందలమంది విద్యార్థులకు ముప్పదిమంది అధ్యాపకులన్న, ఇరువదిమందికి ఒకరని తోచును. కాని మొదటి ఏటివారు తొంబదిమంది ఒకే గదిలో కూర్చుండు పక్షమున ఆ లెక్క వారికి ఉపకరింపదు. శాశ్వతోద్యోగులైన అధ్యాపకులెందరు, ఏటికేడు మారిపోవు అతిథి అధ్యాపకులెందరు, ఖాళీగా ఉన్న పోస్టులెన్ని యని విడివిడిగా అడుగవలెను.

శిల్పకళకు పేరొందిన ఆళ్లగడ్డలో ఈ మాట చెప్పుట సులభము. శిల్పి రాతి నునుపునే చూచి తృప్తిపడడు. సుత్తితో తట్టి, అది ఇచ్చు నాదమును వినును. లోపల పగులున్న రాయి పలుకుటలోనే బయటపడును. కళాశాలను అట్లు తట్టి చూచు సాధనము ప్రశ్నయే. నంద్యాలనుండి కర్నూలు ఒక్కనాటిలో పోయి రాదగిన దూరము. తల్లిదండ్రులలో ఒకరితో కలిసి పనిదినమున వెళ్లుట మంచిది. గ్రంథాలయములో పుస్తకములు చేతికి అందుచున్నవా, లేక బీరువాలలో తాళము వేసియున్నవా? ప్రయోగశాలలో విద్యార్థి స్వయముగా ప్రయోగము చేయునా, లేక ఇతరులు చేయగా దూరమునుండి చూచునా? వ్యాసము వ్రాసి ఇచ్చినచో దానిని దిద్ది ఇచ్చువారు కలరా? వసతిగృహమున నీరు, భోజనము ఎట్లుండును? బాలికలకు వేరుగా వసతియు, సాయంకాలము గ్రంథాలయమునకు పోయి వచ్చు సదుపాయమును కలవా? వీనిని రెండవ ఏడు చదువుచున్నవారిని అడిగినచో నిజము తెలియును. వారిలో చిన్న ఊరినుండి తెలుగు మాధ్యమములో చదివి వచ్చినవారిని ప్రత్యేకముగ అడుగవలెను. అట్టివారు అచట నిలద్రొక్కుకొనగలిగిరా, మానివేసి పోయిరా యనునది క్రొత్తగా పోవువారికి మిక్కిలి అవసరమైన సమాచారము.

ధనము సంగతి సిగ్గుపడక విచారింపవలెను. ప్రకటించిన ఫీజు ఒకటి, ఇంటినుండి నిజముగ పోవు సొమ్ము మరియొకటి. ఫీజునకు వసతి, భోజనము, పుస్తకములు, ప్రయాణములు కూర్చి, విద్యార్థివేతనమును, అర్హులకు ప్రభుత్వము భరించు మొత్తమును తీసివేసిన పిదప మిగులునదే అసలు ఖర్చు. ప్రైవేటు విద్యాలయముల ఫీజు పెద్దదైనను, కొన్ని కుటుంబ ఆదాయమును చూచి సహాయము చేయును. ఆ సహాయము మొదటి ఏటికేనా, చదువు ముగియువరకా యని వ్రాతమూలముగ తెలిసికొనవలెను. నడుమ ఆగిపోయిన చదువుకంటె ఖరీదైనది లేదు.

చిన్న కళాశాలకు లోపములును ఉండును. విషయములు కొన్నియే ఉండవచ్చును. విద్యార్థి కోరిన శాస్త్రమునకు అచట గురువే లేకపోవచ్చును. అట్టివానికి అనేక శాఖలున్న పెద్ద కళాశాలయే మేలు. ఇంటివద్ద తోడ్పాటు అవసరమైన వారికి నంద్యాలలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలయే సరిపోవచ్చును. అందులో చిన్నతనమేమియు లేదు. శ్రద్ధగల విద్యార్థికి అచటను మంచి గురువు దొరకును.

చేరదలచిన కళాశాలను గూర్చి విద్యార్థి ఒక కాగితముమీద మూడు సంగతులు వ్రాసికొనుట మంచిది: అచట తనకు బోధించువారెవరు, తాను నేర్వబోవునదేమి, దానికి ఇంటినుండి వ్యయమగునదెంత. ఈ మూటికి స్పష్టమైన సమాధానము దొరకినచో, జాబితాలో పేరు చూచుకొని సంతోషించుటకు తగిన కారణమున్నట్లే. దొరకనిచో మరల అడుగుటకు వెనుదీయరాదు. కళాశాల విద్యార్థిని పరీక్షించునట్లే, విద్యార్థియు వినయముతో కళాశాలను పరీక్షింపవచ్చును.