మోసమే, కానీ ఫౌల్ కాదు: అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో కిక్ ఎత్తుల గీత ఎక్కడుంది?

2018 సెప్టెంబరు 15. అమెరికాలోని ఆర్కాన్సా యూనివర్సిటీ జట్టు తన సొంత మైదానంలో నార్త్ టెక్సస్ యూనివర్సిటీతో ఆడుతోంది. ఆర్కాన్సా ఎత్తుగా తన్నిన బంతిని నార్త్ టెక్సస్ ఆటగాడు కీగన్ బ్రూవర్ పట్టుకుని, కదలకుండా నిలబడిపోయాడు. ఆట ఆగిపోయినట్టే అతని సహచరులూ తేలిగ్గా నడవడం మొదలుపెట్టారు. అది చూసి ఆర్కాన్సా ఆటగాళ్లు వేగం తగ్గించి, అతన్ని తాకకుండా వదిలేశారు. మరుక్షణమే బ్రూవర్ పరుగందుకున్నాడు. 90 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. చివరికి నార్త్ టెక్సస్ 44-17తో గెలిచింది.

చూసినవాళ్లకు అది పచ్చి మోసం. రిఫరీలకు మాత్రం అది సక్రమమైన ఆట. ఎందుకని?

చెయ్యి ఊపితేనే రక్షణ

ఈ ఆటలో 10 గజాలు ముందుకు వెళ్లడానికి జట్టుకు నాలుగు అవకాశాలుంటాయి. మూడింటిలో కుదరకపోతే నాలుగోసారి సాధారణంగా బంతిని ప్రత్యర్థి వైపు దూరంగా తన్నేస్తారు. దాన్ని పంట్ అంటారు. ఆ బంతిని అందుకునే ఆటగాడి చూపు ఆకాశం మీద ఉంటుంది. ఎదుటి జట్టు మాత్రం అతని మీదికి పూర్తి వేగంతో దూసుకొస్తుంటుంది.

అందుకే నిబంధనలు అతనికి ఒక రక్షణ కల్పించాయి. ఒక చెయ్యి తలపైకి ఎత్తి, ఒకటికి మించి సార్లు అటూ ఇటూ ఊపితే అది ‘ఫెయిర్ క్యాచ్’ సంకేతం. అప్పుడు అతన్ని ఎవరూ ఢీకొట్టకూడదు. బదులుగా అతను పరుగెత్తే హక్కు వదులుకోవాలి.

మరి చెయ్యి సగమే ఎత్తి ఊపితే? ఒక్కసారే ఊపితే? అది చెల్లని సంకేతం. అయినా బంతి చేతికి చిక్కగానే ఆట ఆగిపోతుంది. అరకొర సంకేతంతో ప్రత్యర్థిని ఆపి, ఆనక పరుగెత్తే దారిని ఇలా మూసేశారు.

బ్రూవర్ ఏ సంకేతమూ ఇవ్వలేదు. విజిల్ కూడా మోగలేదు. ఆట ఆగిందని ఊహించుకున్నది ప్రత్యర్థులే. అంతేకాదు, అతనికి ఏ రక్షణా లేదు. బంతి అందుకోగానే ఎవరైనా గుద్ది పడేసి ఉంటే అదీ సక్రమమే అయ్యేది. ఆ ఎత్తులోని ప్రమాదమంతా అతనే భరించాడు.

బంతిని దాచొచ్చు

బంతి ఎవరి దగ్గర ఉందో తెలియకుండా చేయడం ఈ ఆటలో తప్పు కాదు. 1988లో క్లెమ్సన్‌పై ఫ్లోరిడా స్టేట్ ఆడిన ‘పంట్‌రూస్కీ’ ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. స్కోరు 21-21. ఆట ముగియడానికి కొద్ది సమయమే ఉంది. బంతి తల మీదుగా వెళ్లిపోయినట్టు పంటర్ ఎగిరి నటించాడు. నిజానికి బంతి అతనికి ముందు నిలబడ్డ సహచరుడికి చేరింది. అతను దాన్ని లీరాయ్ బట్లర్ కాళ్ల మధ్య నుంచి అందించాడు. అందరూ ఒకవైపు ఉరుకుతుంటే బట్లర్ ఒక్క క్షణం ఆగి, రెండోవైపు 78 గజాలు పరుగెత్తాడు. ఆ వెంటనే కొట్టిన ఫీల్డ్ గోల్‌తో ఫ్లోరిడా స్టేట్ 24-21తో గెలిచింది.

ఫీల్డ్ గోల్ ఎత్తుల వెనుక మరో వెసులుబాటు ఉంది. కాలేజీ ఆటలో బంతి ఉన్న ఆటగాడి మోకాలు నేలకు తగిలితే, అతన్ని ఎవరూ తాకకపోయినా ఆట ఆగిపోతుంది. కిక్కర్ కోసం మోకాలిపై కూర్చుని బంతి పట్టుకునే హోల్డర్‌కు మాత్రం మినహాయింపు ఉంది. కిక్కర్ తన్నే స్థానంలో ఉన్నంతవరకు ఆట సాగుతుంది కాబట్టి హోల్డర్ బంతిని విసరనూ వచ్చు, తీసుకుని పరుగెత్తనూ వచ్చు. 2007లో సౌత్ కరొలైనాపై ఎల్‌ఎస్‌యూ హోల్డర్ మ్యాట్ ఫ్లిన్ వెనక్కి చూడకుండానే బంతిని తలపై నుంచి విసిరాడు. దాన్ని అందుకున్న కిక్కర్ కోల్ట్ డేవిడ్ 15 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు.

మూడేళ్ల తర్వాత ఫ్లోరిడాపై ఎల్‌ఎస్‌యూ మళ్లీ ఇలాంటి ఎత్తే వేసింది. ఈసారి బంతి నేలను తాకి పైకి లేచింది. ముందుకు విసిరిన బంతి నేలను తాకితే ఆట అక్కడితో ఆగుతుంది. వెనక్కి విసిరినదైతే ఆగదు. వెనక్కే విసిరారని రిఫరీలు తేల్చడంతో ఎల్‌ఎస్‌యూ 33-29తో గట్టెక్కింది.

మనిషిని దాచకూడదు

ఆటగాళ్లను మార్చే సమయాన్ని మాయకు వాడుకుంటే ఫౌల్. బయటికి వెళ్తున్నట్టు నటించి గీత పక్కనే ఉండిపోయి, ఆట మొదలవగానే ఒంటరిగా బంతి అందుకునే పాత ఎత్తును నిబంధనలు ఒప్పుకోవు. దాడి చేసే జట్టులోని ప్రతి ఆటగాడూ బంతి ఆటకు సిద్ధమయ్యాక ఒక్కసారైనా రెండు పక్కల తొమ్మిది గజాల గుర్తుల లోపలికి వచ్చి ఉండాలి. మైదానంలో ఎవరున్నారో తెలుసుకునే హక్కు ప్రత్యర్థికి ఉందన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

కాపాడే సంకేతం ఎర కాకూడదు

అన్నిటికన్నా కఠినమైన గీత ఇది. 2021 డిసెంబరులో పిట్స్‌బర్గ్ క్వార్టర్‌బ్యాక్ కెనీ పికెట్ పరుగెత్తుతూ, నేలపై జారబోతున్నట్టు నటించాడు. అలా జారే ఆటగాడిని కొట్టకూడదు కాబట్టి ప్రత్యర్థులు వెనక్కి తగ్గారు. అతను లేచి సాగిపోయి, మొత్తం 58 గజాల టచ్‌డౌన్ చేశాడు. అది కిక్ కాదు గానీ సూత్రం ఒకటే. కొద్ది రోజుల్లోనే కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ ఆదేశమిచ్చింది: జారుతున్నట్టు నటించినా ఆట అక్కడే ఆగినట్టు.

2025లో కిక్‌లకూ అలాంటి నిబంధనే వచ్చింది. అందుకునే జట్టులో ఏ ఆటగాడైనా చేతులతో ఇంగ్లిష్ ‘టి’ అక్షరం ఆకారంలో సైగ చేస్తే, ఆ జట్టు రిటర్న్ హక్కు కోల్పోతుంది. రిఫరీ విజిల్ ఊదేస్తాడు.

క్రికెట్ చూసేవారికి ఈ తర్కం కొత్తది కాదు. బంతి చేతిలో లేకుండానే విసిరినట్టు నటించి బ్యాటర్‌ను ఏమార్చితే, 2017 నుంచి అయిదు పరుగుల జరిమానా ఉంది. అయితే అక్కడ పోయేది పరుగులు. ఇక్కడ తగిలేది దెబ్బలు. చెయ్యి ఊపినవాడు కూడా పరుగెత్తవచ్చన్న అనుమానం ఒకసారి మొదలైతే, తర్వాతి మ్యాచ్‌లో దూసుకొచ్చేవాడు ఆగడు. ఆకాశం వైపు చూస్తూ నిజంగానే రక్షణ కోరిన ఆటగాడు ఆ దెబ్బ తింటాడు. చెయ్యి ఎత్తని బ్రూవర్ పరుగు చెల్లడానికీ, ఎత్తి ఉంటే చెల్లకపోవడానికీ తేడా అదే.